పాత బరోలో సీసా: ఒక ఆకు గ్రేడరు పరీక్ష

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇటలీ వెళ్ళొచ్చారు కదా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. రోము, వెనిస్, పీసా గోపురం గురించి చెబుదామంటే ఈ హాల్లో వాటిని నాకంటే బాగా చూసినవాళ్ళు పదిమందైనా ఉన్నారు. ఫోటోలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అందుకని నేను ఒక్క సీసా గురించి చెబుతాను. అది ఇరవై ఏడేళ్ళ వయసున్న ఎర్ర వైను సీసా. అది పక్వానికి వచ్చిందా, ఇంకా రావాలా, వచ్చి దాటిపోయిందా అని తేల్చడానికి కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మద్యం గురించి మాట్లాడుతున్నాడేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజుల్ని చూసినవాళ్ళం మనం. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినప్పుడు మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. తాగుడుకు వకాల్తా పుచ్చుకుని నేను ఇక్కడ నిలబడలేదు. ఆ పరీక్షలో నేను మింగింది మొత్తం మీద నాలుగైదు గుటకలు. మిగతాది ఉమ్మి వేయడానికి పక్కన పాత్ర పెడతారు. అక్కడ దాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు.

ఆ కొలువులో నాకు పీట వేయడానికి కారణం మన ఉద్యోగమే. ముప్పై నాలుగేళ్ళు ఆకు చూసి, ముట్టుకుని, వాసన పట్టి గ్రేడు కట్టినవాణ్ణి. మీలో చాలామందీ అంతే. బేలు విప్పగానే చెయ్యి లోపలికి పోనిచ్చి పదును చూసేవాళ్ళం. ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళం. బ్యారన్‌లోంచి కొత్తగా దిగిన ఆకు ఘాటు ఎలా ఉంటుందో, అదే ఆకు గోదాములో ఏడాదిన్నర మాగిన తరువాత ఆ ఘాటు ఎలా మెత్తబడుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మాగడం అనే మాట మన అన్నం మెతుకు.

మా అమ్మాయి, అల్లుడు ఇటలీ వాయవ్యాన ఉన్న టూరిన్ నగరంలో ఉంటారు. వాళ్ళ కింది అంతస్తులో కార్ల విడిభాగాల కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉంటాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. 2023లో ఆయనకు 84 ఏళ్ళు. ఆయన మనవరాలు 1996లో పుట్టింది. ఆ ప్రాంతంలో ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఏటి వైను కొన్ని సీసాలు దాచి పెట్టడం చాలా కుటుంబాల్లో ఉంది. ఈయన ఆ ఏడు పంట నుంచి తయారైన బరోలో 12 సీసాలు, అది 2000లో అమ్మకానికి వచ్చినప్పుడు కొని, అపార్టుమెంటు కింద నేలమాళిగలో పడుకోబెట్టాడు. అక్కడి పాత భవనాల్లో ఒక్కొక్క ఇంటికీ కింద అలాంటి చీకటి గది ఒకటి ఉంటుంది. 2006లో ఒకటి, 2012లో ఒకటి, 2018లో ఒకటి తీసి చూశాడు. తొమ్మిది మిగిలాయి. మనవరాలి పెళ్ళి 2024 జూన్‌కు కుదిరింది. ఆ తొమ్మిదీ పెళ్ళి భోజనంలో పెట్టవచ్చునా? పెట్టాక గ్లాసులో వెనిగరు కనిపిస్తే పరువేం కావాలి? లేక ఇంకా పచ్చిగా ఉందంటే? కొడుకు ఇప్పుడే తీసేద్దామన్నాడు. పెద్దాయన ఇంకా పదేళ్ళు ఉంచుదాం, మునిమనవడు చూస్తాడు అన్నాడు. ఆ పదేళ్ళ తరువాత ఆయనకు ఎన్నేళ్ళు ఉంటాయో ఆ గదిలో అందరికీ లెక్క తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

బరోలో అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. టూరిన్‌కు దక్షిణంగా ఆల్బా అనే చిన్న పట్నం, దాని చుట్టూ లాంగే కొండలు. ఆ కొండల ద్రాక్షతోటలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ 11 గ్రామాల పరిధిలో, నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షతో చేసినదానికే బరోలో అని పేరు పెట్టుకునే హక్కు. అది 1980 నుంచి ఇటలీ చట్టంలో అన్నిటికంటే పై తరగతిలో ఉంది. ఇప్పటి నిబంధన ప్రకారం కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. రిజర్వా అని రాసుకోవాలంటే 62 నెలలు. నెబ్బియోలో అనే పేరు పొగమంచు అనే మాట నుంచి వచ్చిందని అక్కడివాళ్ళు చెబుతారు. పంట కోసేది ఎక్కువగా అక్టోబరులో, కొండల మధ్య మంచు దిగే రోజుల్లో.

ఈ నెబ్బియోలోకు ఉన్న గుణం ఒక్కమాటలో చెప్పాలంటే వగరు. ఇంగ్లీషువాళ్ళు ఈ రుచిని చెప్పడానికి అవస్థ పడతారు. మనకు షడ్రుచుల్లోనే ఉంది, ఉగాది పచ్చడిలో ఏటా తింటాం. లేత మామిడి పిందె, పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ, ఇవన్నీ ఆ కుటుంబమే. ఆ వగరు ఇచ్చే పదార్థాన్ని టానిన్ అంటారు. తోళ్ళు ఊనడానికి తంగేడు చెక్క, తుమ్మ చెక్క వాడేవారు చూడండి, ఆ చెక్కల్లో ఉన్నదీ ఇదే జాతి. తోలులోని మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది. నోట్లోనూ అదే పని చేస్తుంది. లాలాజలంలో నాలుకను జారుడుగా ఉంచే మాంసకృత్తులను పట్టేసుకుంటుంది. అందుకే నాలుక గరుకెక్కి, చిగుళ్ళు పిడచగట్టుకుపోయినట్టు ఉంటుంది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే ఈ పదార్థం నెబ్బియోలోలో మహా ఎక్కువ. పులుపు కూడా ఎక్కువే. ఈ రెండూ ఉన్నందువల్లే కొత్త బరోలో మొరటుగా ఉంటుంది, ఆ రెండూ ఉన్నందువల్లే అది పాతికేళ్ళు, మంచి సంవత్సరమైతే అంతకంటే ఎక్కువ నిలుస్తుంది.

సీసాలో పడుకున్న ఆ ఏళ్ళలో ఏం జరుగుతుంది? టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలిసి, పెద్దవై, రూపు మారి, కొన్ని మడ్డిగా అడుగుకు దిగిపోతాయి. బెండు బిరడాలోంచి అతి కొద్దిగా గాలి చొరబడుతూ ఆ పనికి తోడ్పడుతుంది. వగరు తగ్గుతుంది. పులుపు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మూడోది పండు. పండు వాసన, పండు రుచి, అవీ ఏటేటా తగ్గుతూ పోతాయి. అంటే రెండు మెట్లు దిగుతున్నాయి, ఒకటి కదలడం లేదు. వగరు దిగేలోగా పండు దిగిపోతే ఆ సీసాలో మిగిలేది పులుపు, వగరు, నీళ్ళు. పండు ఉండగానే వగరు దిగితే అది పక్వం. పరీక్ష మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. వయసు ఎంత అన్నది అసలు ప్రశ్న కాదు. మన ఇళ్ళలో పాత చింతకాయ పచ్చడి ఉంటుంది. పదేళ్ళ జాడీ పథ్యానికి దేవుడిచ్చిన వరంలా ఉంటుంది, ఇంకొకరింట్లో నాలుగేళ్ళకే చచ్చి ఊరుకుంటుంది. ఉప్పు, తేమ, జాడీ మూత, పెట్టిన చెయ్యి, అన్నీ కలిస్తేనే కదా.

సీసా మూత తీయకుండానే కొంత తెలుసుకోవచ్చు. మొదటిది సంవత్సరం. 1996 ఆ కొండల్లో చల్లగా, నిదానంగా పండిన ఏడాది. పులుపు, వగరు రెండూ గట్టిగా ఉన్న వైను ఇచ్చింది. నిదానంగా మాగేదని దానికి పేరు. ఆ మరుసటి ఏడు 1997 వేడి సంవత్సరం. ఆ ఏటి సీసాలు తొందరగా మెత్తబడి, తొందరగా ఖర్చయిపోయాయి. రెండోది నేల. ఇది మన సభ్యులకు ఇట్టే తెలుస్తుంది. ఒకే వర్జీనియా రకాన్ని మన నల్లరేగడిలో వేస్తే ఒక ఆకు, జంగారెడ్డిగూడెం వైపు తేలిక నేలల్లో వేస్తే మరొక ఆకు. బరోలోలోనూ అంతే. పడమటి వైపున ఉన్న లా మోర్రా గ్రామం వైను మృదువుగా, త్వరగా అందుతుంది. తూర్పున సెర్రాలుంగా దిబ్బ మీది వైను బిర్రబిగుసుకుని కూర్చుంటుంది. పెద్దాయన సీసాలు సెర్రాలుంగావి. ఆయన పుట్టిందీ ఆ పక్కనే.

మూడోది చేసిన చెయ్యి. దీని వెనుక ఒక తండ్రీకొడుకుల గొడవ ఉంది. పాత పద్ధతిలో తొక్కలతో సహా రసాన్ని నెల, నెలన్నర నానబెట్టి, తరువాత వేల లీటర్లు పట్టే పెద్ద పీపాల్లో ఏళ్ళకేళ్ళు ఉంచేవారు. వగరు అంతా దిగేది. తాగాలంటే ఇరవై ఏళ్ళు ఆగాలి. అన్నాళ్ళు ఆగే కొనుగోలుదారు ఎక్కడ ఉన్నాడని కుర్రకారు తిరగబడ్డారు. ఎలియో అల్తారే అనే యువకుడు 1983లో తండ్రి పాత పీపాలను రంపం మిషనుతో కోసేశాడు. తండ్రి అతనికి ఆస్తి లేకుండా చేశాడు. ఈ కుర్రవాళ్ళు నానబెట్టడాన్ని వారం పదిరోజులకు కుదించి, 225 లీటర్ల చిన్న ఫ్రెంచి ఓకు పీపాలు తెచ్చారు. వైను త్వరగా మెత్తబడింది, విదేశాల్లో అమ్ముడుపోయింది. పాతకాపుల్లో బార్తోలో మస్కరెల్లో అనే ఆయన సీసా చీటీ మీద "చిన్న పీపా వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని స్వయంగా బొమ్మ వేసి మరీ అతికించాడు. ఆయన 2005లో పోయారు. గొడవ ఇప్పుడు చాలావరకు సద్దుమణిగింది. ఇరుపక్షాలవాళ్ళూ కొంత కొంత దిగివచ్చారు. మనకు కావలసింది ఏమిటంటే, ఏ ఇంటి సీసా అన్నది తెలియకుండా దాని వయసుకు అర్థం లేదు. పెద్దాయన కొన్నది పాత పద్ధతి ఇంటిది.

నాలుగోది సీసాలో మట్టం. నిలబెట్టి చూస్తే వైను బిరడా కింద ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. పాతికేళ్ళకు మెడలో కొంత దిగడం సహజం. మెడ దాటి భుజాల కిందికి పోయిందంటే ఆ ఖాళీలో గాలి కూర్చున్నదన్న మాట, ఆశ తగ్గించుకోవాలి. తొమ్మిదింటినీ టార్చిలైటు వేసి చూశాం. ఎనిమిది మెడలోనే ఉన్నాయి, ఒకటి భుజం దగ్గర ఉంది. దాన్ని పక్కకు పెట్టాం. మిగతావాటిలో ఒక సీసాను పరీక్షకు ఎంచి రెండు రోజులు నిలబెట్టి ఉంచారు, మడ్డి అడుగుకు చేరడానికి.

ఇంతవరకూ చెప్పినవన్నీ బేలు మీది చీటీ చదవడం లాంటివి. మనం ఏనాడూ చీటీ చదివి గ్రేడు కట్టలేదు.

ఆ అక్టోబరు ఆదివారం మధ్యాహ్నం బిరడా తీస్తే సగంలో విరిగింది. పాత బెండు అలాగే చేస్తుంది. జాగ్రత్తగా రెండో ముక్క లాగి గ్లాసులో రెండు వేళ్ళ మందాన పోశారు. ముక్కు పెట్టగానే నేను, పెద్దాయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముక్క వాసన. తడిసి ఆరిన గోనెసంచి, వానకు తడిసిన అట్టపెట్టె, నేలమీద పెట్టిన బేలు అడుగున పట్టే బూజు. ఇది వైను తప్పు కాదు, బెండు తప్పు. ఆ బెండులో చేరే ఒక క్లోరిన్ సంబంధ పదార్థం లీటరుకు గ్రాములో వందకోట్ల వంతులు కొన్ని ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. గాలికి ఉంచినా పోదు. సీసా బయటినుంచి చూస్తే అన్నిటికంటే అందంగా ఉన్నది అదే. మట్టం కూడా దానిదే ఎక్కువ.

ఎనిమిది మిగిలాయి. ఇక్కడ ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఇంకొకటి తీయాలా? తీయకపోతే తెలిసేది ఏమీ లేదు. చెడిన సీసా మిగతావాటి గురించి ఏమీ చెప్పదు. తీస్తే ఏడే మిగులుతాయి. దీనికి వేరే దారి లేదని మనకు బాగా తెలుసు. మనమైతే వంద బేళ్ళలో పది విప్పి చూసి మళ్ళీ కట్టేవాళ్ళం. వైనులో విప్పినదాన్ని మళ్ళీ కట్టడం లేదు. తెలుసుకోవడానికి ఒక సీసా ఖర్చు పెట్టాలి. ఆ నిర్ణయం పెద్దాయనదే. ఆయన లేచి లోపలికి వెళ్ళి భుజం దగ్గర మట్టం ఉన్న సీసాను ముట్టుకుని, దాన్ని వదిలి, దాని పక్కదాన్ని తెచ్చాడు. సరైన పనే చేశాడు. నాసిరకం బేలు చూసి లాటు మొత్తానికి ధర కట్టం కదా. దాన్ని నిలబెట్టి ఉంచే వ్యవధి లేదు కనుక పడుకున్నది పడుకున్నట్టే బుట్టలో ఒరగబెట్టి తీశారు. మెడ కింద దీపం పెట్టి, మడ్డి కదలకుండా తేటను మాత్రం గాజు కూజాలోకి వంచారు. అడుగున నాలుగు వేళ్ళ వైను మడ్డితో సహా సీసాలోనే వదిలేశారు.

మొదట కన్ను. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడాలి. మధ్యలో పలుచని దానిమ్మ రంగు, అంచున ఇటుక రంగు, ఇంకా అంచుకు పోతే నారింజ. వేరే ద్రాక్ష వైను ఏదైనా అయితే ఈ రంగు చూసి ముసలిది, పనైపోయింది అనేయవచ్చు. నెబ్బియోలో దగ్గర ఆ తీర్పు చెల్లదు. దాని రంగు పదార్థాలు నిలకడ లేనివి. పుట్టుకతోనే పలుచన, అయిదారేళ్ళకే అంచు నారింజకు తిరుగుతుంది. కనుక రంగు చూసి వయసు చెప్పడం ఇక్కడ ప్రమాదం. గోధుమ రంగు గ్లాసు మధ్యదాకా వచ్చి, టీ డికాక్షనులా మందగిస్తే అప్పుడు అనుమానించాలి. ఇది అలా లేదు, తేటగా మెరుస్తోంది.

కన్ను ముక్కును ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఒక ప్రయోగం ఉంది. ఫ్రాన్సులోని బోర్డోలో చేసిన ఈ ప్రయోగం ఫలితాలు 2001లో ప్రచురించారు. వైను శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. దాన్ని ఎర్ర వైను వాసనల మాటలతోనే వర్ణించారు వాళ్ళు. మన గ్రేడింగ్ హాల్లో ఉత్తరపు వెలుతురు కిటికీ పక్కనే కూర్చోవాలని ఎందుకు పట్టుబట్టేవారో అది చదివాక మళ్ళీ గుర్తొచ్చింది. రంగు తప్పు కనబడితే చెయ్యి కూడా తప్పే చెబుతుంది.

తరువాత ముక్కు. ఇక్కడ తొందర పనికిరాదు. పోసిన వెంటనే వచ్చింది మూసిన గది వాసన, కొంచెం తోలు. పది నిమిషాలు వదిలేశాం. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. బరోలోకు తారు, గులాబీ అని ప్రసిద్ధి. గులాబీ అంటే పచ్చి పువ్వు కాదు, గుల్కందు. తారు అంటే ఎండలో మెత్తబడిన రోడ్డు దూరాన్నుంచి. ఆ వెనుక ఎండు రేగుపళ్ళు, అతిమధురం. ఆ వెనుక, అయ్యా, మాగిన ఆకు! వరసగా రెండుసార్లు వాసన చూశాను. గోదాములో ఏడాదిన్నర ఆగిన నారింజ రంగు ఆకు, మూట విప్పగానే వచ్చే తియ్యటి వాసన. వాళ్ళు దాన్ని పొగాకు అనే అంటారని తరువాత తెలిసింది. పెద్దాయన కొడుకు ట్రఫుల్ వాసన కూడా వస్తోందన్నాడు. అది ఆల్బా ప్రాంతంలో నేల అడుగున పెరిగే బంగారం ధర పలికే పుట్టగొడుగు. నా ముక్కుకు అది ఇంగువ డబ్బా మూత కొంచెంగా తీసినట్టు ఉంది. ఆ మాట మా అమ్మాయి వాళ్ళకు అనువదించడానికి కష్టపడింది.

రాకూడని వాసనలు కూడా వెతకాలి. గోళ్ళరంగు సీసా వాసన వస్తే పులిసిపోతున్నట్టు. కోసి వదిలేసిన ఆపిలు, కాలిన బెల్లం పాకం వస్తే గాలి తిన్నట్టు. ఈ రెండూ కొద్దికొద్దిగా ఉంటే పాత సీసాలో క్షమిస్తారు. ఇందులో మొదటిది పొడగా ఉంది, రెండోది లేదు.

ఇక నోరు. ఒక గుటక తీసుకుని నాలుక మీద, బుగ్గల వైపు, చిగుళ్ళ మీద తిప్పి, కొంచెం గాలి లోపలికి పీల్చాలి. చప్పుడవుతుంది, మొహమాటపడకూడదు. మొదట పులుపు తగిలింది, గట్టిగా, చింతచిగురులా. దాని మీద పండు ఉంది, తాజా పండు కాదు, ఎండిన పండు. ఆ తరువాత నేను ఎదురుచూసింది వగరు. వచ్చింది. అయితే చిగుళ్ళను పట్టి పిండలేదు. మెత్తటి ఇసుక కాగితంలా పెదవి లోపలి వైపు రాసుకుంటూ పోయింది. మింగాక ఏది ఎక్కువసేపు నిలుస్తుందో లెక్కపెట్టాను. ఇది ముఖ్యం. చివర మిగిలింది ఉత్త వగరైతే ఇంకా పచ్చి. ఉత్త పులుపైతే అయిపోయింది. ఇక్కడ ముప్పై అంకెలు లెక్కపెట్టేసరికి పులుపూ పోయింది, వగరూ పోయింది, అతిమధురం నిలిచింది.

2006లో తీసిన సీసా సంగతి పెద్దాయన తన నోటుబుక్కులోంచి చదివాడు. అందులో ఆయన రాసుకున్నది ఒక్క మాట, "రాయి". 2012లో "తలుపు వేసి ఉంది". 2018లో "తలుపు సందు". లెడ్జరులో రిమార్కుల కాలమ్‌లా ఉంది. ఆ మాటలు నాకు వైను పుస్తకాల వర్ణనల కంటే నచ్చాయి.

పరీక్ష అంతటితో అవలేదు. కూజాను బల్లమీదే ఉంచి ప్రతి అరగంటకూ ఒక చుక్క చూస్తూ వచ్చాం. ప్రాణం తక్కువగా ఉన్న పాత వైను గాలి తగిలిన గంటలోనే కుప్పకూలుతుంది, పండు ఎగిరిపోతుంది. గట్టిదైతే గంటగంటకూ విచ్చుకుంటుంది. ఒక విధంగా ఆ కూజాలోని మూడు గంటలు నేలమాళిగలో ముందున్న ఏళ్ళ గురించి చెబుతాయి. ఇది రెండో గంటకు బాగుపడింది, మూడో గంటకు అలాగే నిలిచింది, నాలుగో గంటకు గుల్కందు తగ్గి తోలు పైకి వచ్చింది.

నన్ను అడిగితే ఈ మాట చెప్పాను. పక్వానికి వచ్చింది. ఇప్పుడే వచ్చింది. మంచి బిరడా ఉన్న సీసా ఇంకో పదేళ్ళు నిలవవచ్చు, పులుపు దాన్ని నిలబెడుతుంది. కానీ వగరు దిగవలసినంత దిగింది. ఇకమీదట దిగేది పండే. ఆగితే వచ్చే లాభం కొంచెం, పోయేది ఎక్కువ. పైగా ఒకే పెట్టెలోని సీసాలు ఒకటిలా ఒకటి ఉండవని ఇప్పుడే చూశాం. ప్రతి ఏడూ బెండు ఒకదాన్ని తీసుకుపోతుంది. ఇందులో పెద్దాయన వయసు ప్రస్తావన నేను తేలేదు. ఆయనే తెచ్చాడు. "నేను దీన్ని కొన్నది మునిమనవడికి కాదు, ఈ పిల్లకి" అని, కొడుకు వైపు చూడకుండా మనవరాలి గ్లాసులో మరికొంచెం పోశాడు.

2024 జూన్‌లో పెళ్ళయింది. మేము వెళ్ళలేకపోయాం. అమ్మాయి ఫోనులో చెప్పింది. వధూవరుల కుటుంబాలు కూర్చున్న బల్లకు నాలుగు సీసాలు తీశారట. మూడు బాగున్నాయి. నాలుగోది, ఆ భుజం మట్టం సీసా, గోధుమరంగు తిరిగి పోయింది. వంటింట్లోకి ఇచ్చేశారు, గొడ్డుమాంసం ఉడికించడానికి వాడతారట. అక్కడ అది సంప్రదాయమే. నేలమాళిగలో ఇంకా మూడు ఉన్నాయి.

చివరగా మన ఇళ్ళ సంగతి ఒకటి. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది షోకేసులో పిల్లలు విదేశాల నుంచి తెచ్చిన సీసా ఒకటి నిలబెట్టి ఉంటుంది. తాగేవాళ్ళు లేరు, పారేయబుద్ధి కాదు. ఎంత దాస్తే అంత విలువ పెరుగుతుందని కొందరి నమ్మకం. చాలా వైన్లు దాచడానికి చేసినవి కావు, రెండు మూడేళ్ళలో తాగడానికి చేసినవి. దాచదగ్గదైనా 12, 14 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, బిరడా తడిసి ఉండేలా పడుకోబెట్టాలి. మన గుంటూరు మే నెలలో 44 డిగ్రీల గదిలో, ట్యూబులైటు కింద నిలబెట్టిన సీసాకు రెండు వేసవులు చాలు. బెండు ఎండి కుంచించుకుపోతుంది. బిరడా కొంచెం పైకి లేచి ఉన్నా, మూత రేకు కింద జిగురు కారిన మరక ఉన్నా అది ఉడికిపోయినట్టే. దాన్ని షోకేసులో అందానికి ఉంచుకోండి. మరక లేకపోతే, ఈసారి పిల్లలు వచ్చినప్పుడు రెండు రోజులు ముందు ఫ్రిజ్‌లో నిలబెట్టి, తీసే ముందు అరగంట బయట పెట్టి, వాళ్ళ చేతనే తీయించండి. ముక్కు మాత్రం మీరు పెట్టండి. ఆ పని వాళ్ళకంటే మనకే బాగా వచ్చు.